గడప మీద పెరుగన్నం

మాది గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్. మా ఆయన ఫస్టు షిఫ్టుకు వెళ్లారు. నాకు మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బుంది. దానికి వేసుకునే మాత్రలతో ఒంట్లో రోగాన్ని ఆపే తెల్లకణాలు తగ్గుతాయి. ఈసారి రక్తపరీక్షలో మరీ తగ్గాయనీ, అమ్మవారు పోసినవాళ్ల దరిదాపులకు వెళ్లొద్దనీ డాక్టరు గట్టిగా చెప్పారు. జబ్బు సంగతి మా లైన్లో ఎవరికీ తెలియదు. అడిగితే నీరసం అనేదాన్ని.

తలుపు చప్పుడైతే తీశాను. పక్కింటి రాజవ్వ! చంకలో మనవరాలు, పిల్ల ఒంటినిండా ఇంకా రాలని అమ్మవారి పొక్కుల చెక్కులు.

"తల్లి సల్లవడ్డది బిడ్డా, పెరుగన్నం తీస్కో" అంటూ పిల్ల చేత గిన్నె అందించబోయింది.

"దగ్గరికి రావద్దు!" అని అరిచి తలుపు ధడాలున వేశాను. గిన్నె కిందపడింది, పిల్ల గుక్కపట్టింది. లైనంతా బయటికొచ్చింది.

"తల్లి ప్రసాదం గట్ల పారగొడ్తరా?" అని ఎవరో కేకేశారు.

సిగ్గుతో చచ్చిపోయాను. కిటికీ దగ్గర నిలబడి, ఏడుస్తూ, ఇన్నాళ్లూ దాచిందంతా అందరికీ వినబడేలా చెప్పాను.

రాజవ్వ పిల్లను గబగబా ఇంట్లో దించి వచ్చింది. "ముందుగాల్నే చెప్తే తోల్కొస్తుంటినా బిడ్డా? ఎంత పని చేస్తి!" అని తనే లెంపలేసుకుంది. "నువ్వు తలుపు తియ్యకు" అంటూ గడప మీద కూచుని మెతుకులన్నీ కొంగులోకి ఏరుకుంది.

నేను కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ లెంపలు నేను వేసుకోవలసినవి.