చీమలు దిద్దిన పుస్తకం

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే మనుషులు అక్కడొకరు ఇక్కడొకరు ఉంటే లోకం నడుస్తుంది. అందరూ ఒకే కార్ఖానాలో చేరితేనే చిక్కు. ఎనభై ఆరులో జహీరాబాద్ శివారులోని సదాశివ చక్కెర కార్ఖానా అట్లాంటిదే. నమ్మనివాళ్లు మాణిక్‌ను అడగండి.

మాణిక్‌ది న్యాల్‌కల్. టైపు నేర్చినవాడు. కార్ఖానాలో సీజన్ మనిషి, అంటే చెరకు ఆడినన్నాళ్లే పని, గానుగ ఆగితే ఇంటిదారి. ఏటా ఎండాకాలం వచ్చిందంటే పొయ్యి మీద ఏం పెట్టాలో తెలియక భార్య నారమ్మ పరేషానయ్యేది.

ఆ ఏడు చెరకు తూకాల లెక్కకని కంప్యూటర్ దిగింది. వెంట ఇంజనీరు మదన్‌మోహన్ వచ్చాడు, ఆయన వెంట ఒక భాష వచ్చింది. కంప్యూటరుకు పనులు చెప్పే భాష. చిత్రమేమిటంటే దానికి యజమాని లేడు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, నచ్చని మాట తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. షరతు ఒక్కటే: ఏం మార్చినా భాష పుస్తకంలో ఎక్కించాలి, ఆ భాష వాడే తక్కిన ఊళ్లకూ పోస్టులో తెలపాలి. పుణె, కొల్హాపూర్, రాయచూరు నుంచి మార్పులు వచ్చి పడేవి. వాటిని చీటీలుగా టైపు చేసి పుస్తకంలో పాత మాట మీద అతికించే పని మాణిక్‌కు దొరికింది.

"పుస్తకం పూర్తయ్యేదాంక నీకు సీజన్ లేదు గీజన్ లేదు. ఏడాదంత డ్యూటీనే. పూర్తయిన్నాడు మాత్రం ఇంటికే," అన్నాడు మేనేజరు బస్వరాజ్.

ఈ బస్వరాజ్‌కు తెలిసిన వేదం ఒక్కటే: కాగితం మీద ఏముంటే అదే ఖరా. కాటా దగ్గరి గుమస్తా చెన్నబసప్ప ఒకసారి పొరపాటున హాజరీలో సెలవులో ఉన్నట్టు పడ్డాడు. పాపం, ఎదురుగా నిలబడి మొత్తుకుంటే, "నువ్వు సెలవుల ఉన్నవ్, నీతోని నేనెట్ల మాట్లాడత?" అని మొహం తిప్పుకున్నాడీ మహానుభావుడు. నోటీసు బోర్డుకెక్కని ఆర్డరు ఆయన లెక్కలో ఆర్డరే కాదు.

ఇక మాణిక్ సంగతి. ఉత్త మైదా లైతో, అంటే ఉడకబెట్టిన జిగురుతో, చీటీలు నిలవకపోతే, చక్కెర కార్ఖానాలో కొదవేముందని గరిటెడు తియ్యటి చెరకు మడ్డి కలిపి ఉడికించాడు. అబ్బ, ఏం పట్టు! గోరు పెట్టి గీకినా ఊడలేదు. మనుషులకు ఊడలేదు గానీ, చీమలు రాత్రికి రాత్రే చీటీని కొరికి పొడి చేసి, అడుగునున్న పాత మాటను బయటపెట్టాయి. ముందు రోజే కంప్యూటరును ఆపే మాటను 'బస్' నుంచి 'సాలు'కు మార్చారు. తెల్లారి చూస్తే పుస్తకంలో మళ్లీ 'బస్'!

మాణిక్ పుస్తకం పట్టుకుని మేనేజరు దగ్గరికి పోయాడు.

"పుస్తకంల ఏమున్నది?"

"బస్ అనున్నది సార్. గని చీమలు..."

"చీమలనెవరడిగిన్రయ్యా? పుస్తకంల బస్ అనుంటే మిషన్ల గూడ బస్ అనే ఉండాలె."

మదన్‌మోహన్ నెత్తి కొట్టుకుని కంప్యూటరును మళ్లీ మార్చాడు. షరతు ప్రకారం ఆ మార్పూ పోస్టులో పోయింది. కొల్హాపూర్ వాళ్లు తిరుగు టపాలో, పాత మాటకు మళ్లడం చాలా తెలివైన పని అని మెచ్చుకున్నారు. ఇంకేం, అప్పటినుంచి నాలుగు ఊళ్ల కంప్యూటర్లు ఏ మాట వినాలో జహీరాబాద్ చీమలే తేల్చేవి. పై అధికారులకు చీమ కుట్టినట్టైనా లేదు.

మాణిక్‌కు మాత్రం గుండె కోతే. ఆ పుస్తకంలో ఏ పేజీలో ఏ మాటుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఒక్కనాడైనా దాన్ని నిండుగా చూసుకోవాలని ఆశ. నిండితే ఉద్యోగం ఊడుతుందని భయం. రెండేళ్లు ఆ రెండింటి నడుమ నలిగాడు.

ఎనభై ఎనిమిదిలో మదన్‌మోహన్ ఆఖరి చీటీ చేతికిచ్చి, "ఇంక మార్పుల్లేవు మాణిక్. ఇది అంటిస్తే పుస్తకం పూర్తి," అన్నాడు.

నారమ్మ విని, "ఫికరెందుకయ్యా? మడ్డి జర ఎక్కువెయ్యి. చీమల నోట్ల నాలుగు చీటీలు పోతయి, మన నోట్ల నాలుగు మెతుకులు పోతయి," అంది.

"పుస్తకాన్ని పెంచినోన్ని, నా చేతులతోనే దాని గొంతు పిసకమంటవా?" అని కసిరాడు మాణిక్. మడ్డి ముట్టకుండా, వేపాకు కషాయంతో కొత్త లై ఉడికించి, పుస్తకంలోని చీటీలన్నీ మళ్లీ టైపు చేసి మళ్లీ అంటించాడు. చీమలు వచ్చాయి, మీసాలాడించాయి, చేదు తగిలి వెనక్కి మళ్లాయి. నిండు పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని ఆయన పసిపిల్లాడిలా ఏడ్చాడు.

బస్వరాజ్ భుజం తట్టాడు. "షాబాష్! ఇగ నిన్ను తీసేసే ఆర్డర్ టైపు చెయ్యి," అన్నాడు. ఆఫీసులో టైపు వచ్చినవాడు ఇంకొకడు లేడు మరి! తన మెడకు తాను తాడు పేనుకోవడమంటే ఇదే. మాణిక్ ఒక్క తప్పు లేకుండా టైపు చేసి ఇచ్చాడు. బోర్డుకు అంటించాల్సిన అటెండరు సాయన్న, అల్మారాలో మిగిలిన పాత మడ్డి లై డబ్బా తీశాడు. మాణిక్ సాబ్ ఆర్డరాయె, ఊడి కిందపడితే బాగుండదని మర్యాదకొద్దీ కాగితమంతా దిట్టంగా పూశాడు.

మర్నాడు టిఫిన్ డబ్బా తీసుకుపోదామని వచ్చిన మాణిక్‌కు బోర్డు ముందు కొయ్యబారిన బస్వరాజ్ కనబడ్డాడు. బోర్డు బోడిగా ఉంది. దాని మీది నుంచి గోదాము దాకా చీమల బారు.

"ఆర్డర్ లేదు గదయ్యా!"

"లేదు సార్."

"మళ్ల టైపు చెయ్యి."

"నన్ను తీసేస్తిరి గద సార్, డ్యూటీల లేనోన్ని ఎట్ల చేస్త?"

బస్వరాజ్ బోర్డును ఇంకోసారి మీది నుంచి కింది దాకా చూశాడు. ఆయనకది ధర్మసంకటం.

"బోర్డు మీద లేదు గాబట్టి నువ్వు డ్యూటీలనే ఉన్నవ్. పోయి టైపు చెయ్యి."

మాణిక్ తన కుర్చీలో కూర్చుని, మళ్లీ ఒక్క తప్పు లేకుండా టైపు చేసి సాయన్నకిచ్చాడు. సాయన్న ఈసారి వేపాకు లై గిన్నె అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అది పుస్తకానికి," అన్నాడు మాణిక్, మడ్డి డబ్బా ముందుకు జరుపుతూ. "దీనికి ఇదే పుయ్యి సాయన్నా. సాలకుంటే ఇంకో గరిటె పోసుకో."