ఎదురుకాళ్ల పిల్ల

ఈ ఉదయం ఆరుంబావుకు పాలగిన్నె దించబోతే నడుం పట్టేసింది. కోడలు మందు రాసింది. ఆ ఘాటు వాసనకు, బిందె దించి వంటింటి గోడ పట్టుకుని నిలబడే మా అమ్మ గుర్తొచ్చింది.

నేను కాళ్లు ముందుగా పుట్టాను. అలా పుట్టినవాళ్లు తొక్కితే పట్టిన నడుం వదులుతుందని ఉదయగిరి వైపు నమ్మేవాళ్లు. డెబ్బైల చివర, నేను చిన్న బళ్లో చదివే రోజుల్లో, తెల్లారేసరికి మా అరుగు మీద ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవాళ్లు: కలుపు తీసి వంగిపోయిన ఆడవాళ్లు, కలిగిరి బస్సు డ్రైవరు, రోజంతా వంగి కొయ్య గరిటెలు చెక్కే మస్తాన్ తాత. ఎడమకాలి మడమతో మెల్లగా అదిమేదాన్ని.

"డాక్టరమ్మా, కాలు కడుక్కున్నావా? మొన్న చొక్కాకి పేడ పూసి పంపినావు" అనేవాడు తాత.

లేచి నడుం అటూ ఇటూ తిప్పి చూసుకుని, నవ్వుకుంటూ పోయేవాళ్లు. తర్వాత చలికాలంలో కొండ సీతాఫలాలు, ఎండాకాలంలో ముంజలు, రంజానుకు తాత ఇంటి నుంచి నెయ్యి వాసన కొట్టే సేమ్యా వచ్చేవి.

తమ్ముడు పుట్టినప్పటి నుంచీ అమ్మకు నడుం నొప్పి. కానీ ఆమెను నేను తొక్కకూడదు. పరాయివాళ్లకు కాలు తగిలినా తాకి కళ్లకద్దుకునే ఇల్లు మాది, ఇక కన్నతల్లి సంగతి చెప్పేదేముంది. మా అవ్వ, నాయన తల్లి, వచ్చినవాళ్ల నొప్పులన్నీ నమ్మేది, కోడలిది తప్ప. వాళ్ల నొప్పి వచ్చి పోయేది, అమ్మది పోయేది కాదు. పోని నొప్పిని అవ్వ నొప్పి అనేది కాదు, ఒళ్లు వంగకపోవడం అనేది.

ఒక ఏడు శనక్కాయ చెట్లు పీకుతూ అమ్మ చేలో కూలబడి లేవలేకపోయింది. కూలోళ్లందరి ముందూ అవ్వ ఆ మాటే అంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి అమ్మ తలుపు దగ్గరగా వేసి, చాప మీద బోర్లా పడుకుని నన్ను పిలిచింది.

"తొక్కు మే. పాపం నాకే రానీ."

నడుం మీద కాలు పెట్టాను. పోయిందా అని అడిగాను.

"పోలా. అయినా కాలు తియ్యబాకు."

అప్పుడే అవ్వ తలుపు తోసింది. తిడుతుందనుకున్నాను. గడప మీదే నిలబడి, "అంత నొప్పా మే నీకు?" అంది. సాకులకైతే ఎవరూ అంత పాపం నెత్తికెత్తుకోరని ఆమెకు తెలుసు. సాయంత్రం నీళ్ల బిందె తనే చంకకెత్తుకుంది. మళ్లీ ఆ మాట అనలేదు.

అమ్మ నొప్పి చివరిదాకా పోలేదు. ఆమె పోయింది, అవ్వా పోయింది. నేనిప్పుడు ఆత్మకూరులో ఉంటున్నాను. ఇక్కడ బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే ఆపరేషన్ చేసి తీస్తారు, నడుం పడితే స్కానింగుకు రాస్తారు. ఎదురుకాళ్ల పిల్లల చేత ఎవరూ తొక్కించుకోవడం లేదు.