బావ గొంతును వెతికిన చోటు

ముందుగా వినిపించేది గొంతు. మెట్లెక్కి మూడో అంతస్తు చేరేసరికి, ఓరగా వేసిన తలుపు వెనక నుంచి తొందర తెలియని యంత్రపు గొంతు ఒకటి వరసగా చెప్పుకుపోతూ ఉంటుంది. "ఇక్కడ చూశాను, లేదు. ఇక్కడ చూశాను, లేదు. ఇక్కడ చూశాను, ఉంది." కాసేపు ఆగుతుంది. కుర్చీ కిర్రుమంటుంది. మళ్ళీ మొదలు.

తలుపు తోస్తే లిఫ్టాయన కనిపిస్తాడు. ఆ వీధిలో అందరూ ఆయన్ని పిలిచే పేరు అదే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. గోళ్ళ చుట్టూ గ్రీజు నలుపు సబ్బుకు లొంగడం ఎప్పుడో మానేసింది. బల్ల మీద మూడు పాత కంప్యూటర్లు. ఒకదాని పద్ధతి ఇంకొకదానికి పడదు, మూడు మతాల ముసలివాళ్ళలా పక్కపక్కన కూర్చుని ఉంటాయి. ప్రతి ఆదివారం పొద్దున ఒకే ప్రోగ్రామును ఆ మూడింటి మీదా మొదటి నుంచి తయారుచేసి, దాని సెట్టింగుల ఫైలు దానికి దొరుకుతోందో లేదో చూస్తాడు. దొరికితే టీ తాగుతాడు. దొరకకపోతే టీ చల్లారిపోతుంది.

ఆ ప్రోగ్రాము మాట పోయినవాళ్ళ కోసం. మీట నొక్కితే మాట పలుకుతుంది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. కానీ ఆయన దాన్ని లోకం కోసం రాయలేదు. ఒకే ఒక్క మనిషి కోసం, తన అక్క భర్త కోసం రాశాడు. బావ తన సొంత గొంతుతో అక్కను పిలవగలగాలి. కోరిక అంతే. ఆ కోరిక నాలుగు నెలల పాటు తన చేతుల్లోనే ఆగిపోయింది.

బావ కూరగాయల మార్కెట్లో వేలం పాడే మనిషి. ఆయన గొంతు పొద్దున్నే మూడు వీధుల అవతలికి వినబడేది. ఇంట్లోనూ అదే వరస. "స్నానాల గది ఖాళీ! ఒకటోసారి... రెండోసారి..." అని అరిస్తే కూతురు తువ్వాలు పట్టుకుని పరుగెత్తేది. లిఫ్టాయన పదహారేళ్ళప్పుడు చదువు వదిలేసి ఊరికే తిరుగుతుంటే, చెయ్యి పట్టుకుని లిఫ్టుల కంపెనీకి తీసుకెళ్ళింది ఆయనే. "వీడు నోరు తెరవడు గానీ ఏది పాడైందో చెవితో చెప్తాడు" అని మేస్త్రీతో వాదించి మరీ చేర్పించాడు.

అలాంటి మనిషి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేయాలన్నారు. చేతిలో పన్నెండు రోజులున్నాయి.

ఆ పన్నెండు రోజులూ లిఫ్టాయన సెలవు పెట్టాడు. పడకగదిలో బట్టల బీరువా ఖాళీ చేసి, చుట్టూ దుప్పట్లు వేలాడదీసి, లోపల ఒక స్టూలు వేశాడు. బయటి చప్పుడు రాకూడదని.

"ఒరేయ్ బామ్మర్దీ, నన్ను బీరువాలో పెట్టి తాళం వేస్తావా ఏంటి?"

"కదలకండి బావా. స్టూలు కిర్రుమంటోంది."

"స్టూలు కాదురా, నా మోకాలు. దాన్నీ రికార్డు చేసుకో, రేపు పనికొస్తుంది."

అలా రెండు వందల ఎనభై ఏడు మాటలు పట్టారు. నీళ్ళు కావాలి. కిటికీ వెయ్యి. ఎవరు గెలిచారు? ఏమోయ్, తిన్నావా? ఆఖరి మాట దగ్గర బావ చెయ్యి అడ్డం పెట్టి, "ఇక నువ్వు బయటికి పో. ఇది నీకు చెప్పేది కాదు" అన్నాడు. లిఫ్టాయన వంటింట్లో నిలబడి ఎదురుచూశాడు. తర్వాత ఆ ముక్కను కత్తిరించి పెట్టేటప్పుడు విన్నాడు. అక్కను ఆయన పిలిచే ముద్దు పేరు. "పిట్టా." మార్కెట్టు మొత్తాన్ని లేపే గొంతు ఆ రెండక్షరాల దగ్గర దూదిలా దిగింది.

ఆపరేషను అయ్యాక బావకు తన పాత కంప్యూటరే ఇచ్చాడు. ప్రోగ్రాము తడబడకుండా పలికింది. తొందరలో రాసిన ప్రోగ్రాము అది. సెట్టింగుల ఫైలు ఎక్కడుందో తానే వెతుక్కునేలా రాయాల్సింది పోయి, తన కంప్యూటర్లో తన పేరున్న ఫోల్డరు చిరునామాను ఉన్నదున్నట్టు లోపల రాసి పడేశాడు. తర్వాత మార్చొచ్చులే అనుకున్నాడు. ఆ పాత యంత్రంలో ఆ పేరు అలాగే ఉంది కాబట్టి రెండేళ్ళు ఏ లోటూ కనబడలేదు.

ప్రోగ్రామును నలుగురూ వాడుకోనీ అని బయట పెట్టాక, ఎక్కడి నుంచో ఒక మనిషి రాశారు. ఆడో మగో తెలియదు, పెట్టుకున్న పేరు నత్త. "వేరే ఆపరేటింగ్ వ్యవస్థ ఉన్న కంప్యూటరు మీద తయారుచేస్తే మీ ప్రోగ్రాముకు సెట్టింగులు దొరకడం లేదు. దొరకలేదని చెప్పకుండా, ప్రోగ్రాముతో పాటే వచ్చే మామూలు గొంతుతో మాట్లాడేస్తోంది. మీకు కుదిరినప్పుడు చూడండి." కింద, ప్రోగ్రాములో ఏ వరస మార్చాలో కూడా ఉంది.

ఆ వారం కొత్త భవనంలో నాలుగు లిఫ్టులు బిగించాలి. లిఫ్టాయన నిలబడే జవాబు కొట్టాడు. "నా దగ్గర బాగానే పనిచేస్తోంది." ఫిర్యాదు మూసేశాడు.

లిఫ్టు విషయంలో ఆయన జన్మలో ఆ మాట అనలేదు. ఐదో అంతస్తు ముసలావిడ తలుపు దగ్గర కుదుపు ఉందంటే, అదే వేళకు, అదే సంచి పట్టుకుని తానే ఎక్కి చూసేవాడు. ఎక్కడ ఆగిందో అక్కడ నిలబడి వినాలి అనేవాడు. అది ఇనుముకే గానీ అక్షరాలకు వర్తించదనుకున్నాడో ఏమో.

ఎనిమిది నెలల తర్వాత బావ బాగా చిక్కిపోయాడు. పాత కంప్యూటరు బరువు ఒళ్ళో ఆనలేదు. మేనకోడలు తేలికైనది కొనిచ్చింది. దాని వ్యవస్థ వేరు. మామయ్య రాసిన కాగితం చూసుకుంటూ, రికార్డులన్నీ, సెట్టింగుల ఫైలూ చెప్పిన చోటే పెట్టి, ప్రోగ్రామును తయారుచేసింది. మీట నొక్కితే మాట వచ్చింది. వార్తలు చదివే మనిషిలాంటి ఎవరిదో గొంతు.

ఆ నాలుగు నెలల్లో లిఫ్టాయన మూడుసార్లు వెళ్ళాడు. వెళ్ళినప్పుడల్లా బావ కంప్యూటరు మూత వేసి, నవ్వి, చేత్తోనే పలకరించాడు. అలసటేమో అనుకున్నాడు లిఫ్టాయన.

నాలుగోసారి చెప్పకుండా వెళ్ళాడు. మధ్యాహ్నం. అక్క వరండాలో దుప్పటి పిండుతోంది. లోపల గదిలోంచి పరాయి మగమనిషి గొంతు వినిపించింది. "నీళ్ళు కావాలి."

"ఎవరొచ్చారక్కా?"

"ఎవరూ రాలేదురా. మీ బావే."

ఆయన చెప్పుల్లో కాళ్ళు అలాగే ఉండిపోయాయి.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"కొత్తది వచ్చినప్పటి నుంచీ. దీన్లో ఇంతేనేమో అనుకున్నాం." అక్క దుప్పటి దులిపింది. "నీకు చెప్పొద్దన్నారు. తెలిస్తే వాడు అన్నం మానేస్తాడన్నారు. ఒకసారి ఆ గొంతుతోనే నన్ను... నన్ను పిలిచే పేరుతో పిలిచారు. నాకేదోలా అయిపోయింది. ఈ గొంతుతో అలా పిలవకండి, బాగా లేదు అనేశాను. అంతే, మళ్ళీ పిలవలేదు."

లిఫ్టాయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. బావ మూత వెయ్యబోతే ఆ చేతిని మెల్లగా పక్కకు తీసి పెట్టాడు. ఫైలు ఉంది. రికార్డులు ఉన్నాయి, రెండు వందల ఎనభై ఏడూ. పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉందేమోనని చూశాడు. చిరునామాలో ఫోల్డర్ల మధ్య గీత ఇటు వాలాలా అటు వాలాలా అని చూశాడు. ఫైలు తెరిచే అనుమతి ఉందా అని చూశాడు. మేనకోడలు ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నేనేమైనా తప్పు చేశానా మామయ్యా? కాగితంలో ఉన్నట్టే చేశాను."

"లేదమ్మా. నువ్వు పెట్టాల్సిన చోటే పెట్టావు."

చివరికి ప్రోగ్రాములో ఒకే ఒక్క వరస చేర్చాడు. ఎక్కడ వెతుకుతున్నావో చెప్పు, అని. తెర మీద చిరునామా పడింది. అందులో తన పేరు ఉంది. ఆ ఇంట్లో, ఆ యంత్రంలో, ఆ పేరుతో ఏ ఫోల్డరూ లేదు. నాలుగు నెలలుగా బావ మీట నొక్కిన ప్రతిసారీ ఆ యంత్రం బామ్మర్ది పేరున్న తలుపు కోసం వెళ్ళి, లేని తలుపు ముందు నిలబడి, ఎవరికీ చెప్పకుండా తిరిగొచ్చి, అరువు గొంతుతో మాట్లాడింది. బావ గొంతు మాత్రం రెండడుగుల దూరంలో, ఉండాల్సిన చోటే ఉంది.

సరిచేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నత్త చెప్పిన వరసే.

కంప్యూటరును మళ్ళీ బావ ఒళ్ళో పెట్టాడు. బావ ఆయన ముఖం చూశాడు, తెర చూశాడు. వేలు చాలాసేపు మీటల మీద తచ్చాడింది. తర్వాత నొక్కాడు.

"పిట్టా."

వరండాలో బకెట్టు చప్పుడు ఆగింది. అక్క తడి చేతులతో గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయింది.

"పిట్టా."

"ఉన్నానండీ," అంది. "ఇక్కడే ఉన్నాను."

ఆ సాయంత్రం ఇంకేమీ మాట్లాడలేదు బావ. మిగతా రెండు వందల ఎనభై ఆరు మాటల్లో ఒక్కటీ ఆయనకు అక్కర్లేకపోయింది. దీపాలు పెట్టేలోగా పదకొండుసార్లు అదే నొక్కాడు. పదకొండుసార్లూ అక్క పలికింది. మర్నాటికి వేళ్ళలో సత్తువ లేదు. మూడో రోజు పోయాడు.

నెల తర్వాత లిఫ్టాయన తాను మూసేసిన ఫిర్యాదును తెరిచి, నత్తకు క్షమాపణ రాశాడు. చెరిపి రాసి, చెరిపి రాసి, ఒక పూటంతా కూర్చున్నాడు. జవాబు రెండు ముక్కల్లో వచ్చింది. "పర్వాలేదు. మా నాన్న వేరే గొంతుకు అలవాటు పడిపోయాడు." ఆ తర్వాత రెండు రోజులు ఆయన ఏ లిఫ్టూ ఎక్కలేదు, మెట్ల మీదే తిరిగాడు.

ఇప్పుడు ఆ ప్రోగ్రాము మౌనంగా తప్పించుకోదు. ఎక్కడెక్కడ చూసిందో, ఎక్కడ దొరకలేదో, పైకి చదివి మరీ చెప్తుంది. తెలియనివాళ్ళు రాసే ప్రతి ఫిర్యాదుకీ, అది ఎంత చిన్నదైనా, ఆయన ముందుగా అడిగేది ఒక్కటే: "మీ దగ్గర ఎలా ఉంది, చెప్పండి." వచ్చిన జవాబును పట్టుకుని మూడు యంత్రాల మీదా అదే తప్పును రప్పించి చూస్తాడు. పని బాగుందని మెచ్చుకుంటూ ఎవరైనా రాస్తే మాత్రం జవాబివ్వడు.

అక్క వారానికోసారి వస్తుంది. ఆయన మొహం చూసి విసుక్కుంటుంది.

"మళ్ళీ అదేనా? నువ్వు ఆ రోజు రాకపోతే నాకు ఆ పదకొండుసార్లు కూడా ఉండేవి కావు కదరా."

"నాలుగు నెలలక్కా. రోజుకు ఒక్కసారి పిలిచినా..."

"లెక్కలు ఆపి కప్పు కడుగు. వారం నుంచి అలాగే ఉంది."

ఆయన లేచి కప్పు కడుగుతాడు. లెక్క మాత్రం ఆపడు.

ఈ నాలుగు మాటలు రాయడం కోసం నేను వచ్చిన చివరి ఆదివారం, వీడ్కోలు చెప్పడానికి లిఫ్టాయన మెట్ల దాకా వచ్చాడు. రెయిలింగు మీద చెయ్యి వేసి, కిందికి చూస్తూ అన్నాడు:

"ఇది మా అక్కకి మాత్రం చదివి వినిపించకండి. ఆవిడ నన్ను ఎప్పుడో క్షమించేసింది. మళ్ళీ మొదటి నుంచి క్షమించాల్సి వస్తుంది, పాపం."