గోడకి అవతలి బడి

"పిల్లలెంతమంది?" అని అడిగేవరకూ ఇంటివాళ్ళందరూ మంచివాళ్ళే. రోవీనా ప్రూయిట్‌కి ఆ వేసవిలో అది బాగా తెలిసొచ్చింది. అద్దె ఇల్లుందని విని ఫోన్ చేస్తే అవతలివాళ్ళు ఎంతో ముద్దుగా మాట్లాడేవాళ్ళు. వంటింట్లోకి ఎండ ఎటునుంచి పడుతుందో, గ్యారేజీలో ఎన్ని కార్లు పడతాయో చెప్పుకుపోయేవాళ్ళు. "ఆరుగురండీ" అనగానే మాట తీరు మారిపోయేది. ఆ తర్వాత "అయ్యో, ఇందాకే ఒకాయన అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళాడమ్మా, మర్చేపోయాను" అనేవాళ్ళు. పిల్లలున్నారని ఇల్లు ఇవ్వననడం చట్టానికి విరుద్ధం గనక అందరి దగ్గరికీ ఇందాకే ఒకాయన వచ్చి వెళ్ళేవాడు. ఆయనెవరో గానీ, విట్లీ ఊళ్ళో ఈపాటికి నలభై ఇళ్ళు అద్దెకి తీసుకుని ఉండాలి.

విట్లీయే ఎందుకంటే, మా ఒహాయోలో ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దులో పడితే పిల్లలకి ఆ బడే రాసిపెట్టి ఉంటుంది. హద్దుకి ఇటు కార్వెల్, అటు విట్లీ. మధ్యలో కంచె లేదు, గేటు లేదు, రోడ్డు మీద తారు రంగు కూడా మారదు. అద్దె మాత్రం రెట్టింపవుతుంది. రోవీనా కాపురం కార్వెల్‌లో, ఉద్యోగం విట్లీలో. అక్కడి బడి బస్సు నడుపుతుంది. తొమ్మిదేళ్ళుగా తెల్లారకముందే లేచి, పరాయి పిల్లల్ని ఆ మంచి బడికి దించి, సాయంత్రానికి తన హద్దులోకి తను వచ్చేసేది. దానికి ఆమె ఎప్పుడూ కుళ్ళుకోలేదు. పెద్దపిల్లలు ముగ్గురూ కార్వెల్‌లో బాగానే చదువుకుంటున్నారు. చివరి ఇద్దరూ కవలలు, వాళ్ళకింకా బడి వయసు రాలేదు. చిక్కల్లా నాలుగోది, టాన్సీతోనే.

టాన్సీకి ఎనిమిదేళ్ళు. నోరు తెరిస్తే ఊరి కబుర్లన్నీ చెబుతుంది, పుస్తకం తెరిస్తే బిగుసుకుపోతుంది. బొమ్మ చూసి కథ ఊహించి గడగడా చదివినట్టు చెప్పేస్తుంది తప్ప, ఒక్క వాక్యం కూడబలుక్కోలేదు. ఇలాంటి పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి నేర్పే టీచర్ కార్వెల్ బళ్ళో ఒకావిడ ఉండేది. ఆ ఉద్యోగం తీసేసి రెండేళ్ళయింది. "వచ్చే ఏడాది చూద్దాం" అని రెండుసార్లు అన్నారు. విట్లీలో అలాంటి టీచరుంది, హేవర్‌క్యాంప్ అని. ఆవిడ పనితనం గురించి రోవీనాకి ఎవరూ చెప్పక్కర్లేదు. తన బస్సులో మూడో సీట్లో కూర్చునే పిల్ల రెండేళ్ళ కిందట అచ్చం టాన్సీలాగే ఉండేది. ఇప్పుడు దాని స్టాపొచ్చినా పుస్తకంలోంచి తలెత్తదు, రెండుసార్లు పేరు పెట్టి పిలిస్తే గానీ దిగదు. అద్దంలో ఆ పిల్లని చూసినప్పుడల్లా రోవీనాకి టాన్సీయే గుర్తొచ్చేది. అసూయ కాదనడానికి లేదు, అసూయే. ఆగస్టులో బళ్ళు తెరిచేలోగా టాన్సీ విట్లీ హద్దులో ఉండాలని నిశ్చయించుకుంది.

"మన జీతాలు రెండూ కలిపి పోసినా అక్కడ మూడు పడగ్గదుల ఇల్లు రాదే, రో" అన్నాడు భర్త లైల్. అతను టైల్స్ గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. బరువు చూసి ఎత్తగలమో లేదో చెప్పడం అతనికి అలవాటు.

"వస్తుంది."

"ఎక్కణ్ణించి?"

"ఇంతవరకూ పేపర్లో పడ్డ ఇళ్ళు అడిగాం. ఇకమీదట పడనివి అడుగుదాం."

బస్సు డ్రైవర్‌కి తెలిసినంతగా వీధుల సంగతి ఇంకెవరికీ తెలియదు. ఎవరి కిటికీకి కర్టెన్లు పోయాయో, ఎవరి ముంగిట్లో గడ్డి మోకాలెత్తు పెరిగిందో రోజుకి రెండుసార్లు కళ్ళబడుతూనే ఉంటుంది. రోవీనా రూట్లో ఆఖరి స్టాపు పాతకాలపు జంట ఇల్లు. ఒకే వరండా, రెండు తలుపులు, మధ్యలో గోడ. ఎడమ సగంలో ఇంటాయన ఆర్విల్ స్టాల్ ఉంటాడు. ఆయన మనవరాళ్ళిద్దరూ ఆయన దగ్గరున్నప్పుడు ఆరేళ్ళపాటు ఆ స్టాపులోనే ఆమె బస్సెక్కారు. కుడి సగం ముందు ఏప్రిల్ నుంచి కారు లేదు. జూన్ ఆఖర్లో రోవీనా వెళ్ళి ఆయన తలుపు తట్టింది.

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, రైల్వే యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. తలుపు తీసి, "బస్సు మనిషివి కదూ? ఇప్పుడు సెలవులు కదా" అన్నాడు.

"అద్దె ఇంటి కోసమండీ. ముందే చెప్పేస్తున్నా, నాకు ఆరుగురు పిల్లలు."

ఆయన ఎగాదిగా చూశాడు. "ఆరుగురూ ఒక్కసారే అరుస్తారా?"

"లేదండీ, వంతులవారీగా."

"ఎలాగూ నాకు సగమే వినబడుతుంది. కానియ్యి."

నెలకి పదిహేడు వందల డాలర్లు. ఆ డబ్బుకి విట్లీలో కారు పెట్టుకోడానికి కూడా చోటు రాదు. పైగా ఆ సగంలో రెండు బాత్‌రూములు. వెనకటికి స్టాల్ అత్తగారు మంచాన పడితే ఆవిడ కోసమని కింద ఒకటి కట్టించాడు. జూలై మొదటి వారంలో ప్రూయిట్ కుటుంబం పాత ఇల్లు వదిలేసి అందులో దిగింది. లైల్ పెళ్ళయినాక మొదటిసారి, ఎవరూ తలుపు బాదకుండా, ఈలపాట పాడుకుంటూ గడ్డం గీసుకున్నాడు.

ఆ మరుసటివారం రోవీనా కాగితాలు పట్టుకుని పిల్లల పేర్లు రాయించడానికి విట్లీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి వెళ్ళింది. కిటికీ వెనక కూర్చునే గ్వెన్ ఆమెకి బాగా తెలిసిన మనిషే. గ్వెన్ అడ్రసు కొట్టి, తెర వంక చూసి, మళ్ళీ కొట్టింది.

"రోవీనా, ఇది కార్వెల్‌లోకి వస్తోంది."

"పొరపాటుగా కొట్టి ఉంటావు. ఆరేళ్ళు ఆ వాకిట్లోనే పిల్లల్ని ఎక్కించుకున్నాను నేను."

"ఎక్కించుకున్నావమ్మా, కాదన్లేదు. వాళ్ళుండేది ఎడమ సగం. హద్దు గీత సరిగ్గా మధ్య గోడ మీద పోతోంది, నువ్వే చూడు. పిల్లలు ఏ వైపు పడుకుంటారో, బడి ఆ వైపుది. మరీ ఇంత చిన్న సంగతి నీకు తెలియదనుకోలేదు."

నిజమే. హద్దుల మ్యాపు చూసుకోకుండా ఇల్లు తీసుకునే మనిషి మా దగ్గర ఎవరూ ఉండరు. పెళ్ళి సంబంధం కన్నా ఎక్కువ ఆరా తీస్తారు. రోవీనా మాత్రం చూడలేదు. తొమ్మిదేళ్ళు తను తిరిగిన దారే మ్యాపనుకుంది. ఇంకెవరు చేసినా తెలివితక్కువతనం అనేవాళ్ళు. ఆమె చేత చేయించింది ఆమె గర్వం. బయటికొచ్చి వ్యాన్లో కూర్చుని, స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. పాత ఇల్లు పోయింది, చేతిలో ఉన్న డబ్బంతా అడ్వాన్సుకీ సామాన్ల లారీకీ పోయింది, టాన్సీకి ఇంకో ఏడాది పోబోతోంది. మొహం తుడుచుకుని ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్టు లైల్‌కి చెప్పింది.

వరండాలో కూర్చున్న స్టాల్ సగం విన్నాడు, సగం పోల్చుకున్నాడు. "దానికింత బాధెందుకే అమ్మాయ్? కాగితం మీద నా ఇంటి నంబరు రాసెయ్యి. ఎవడొచ్చి చూస్తాడు?"

"వస్తారండీ. ఎవరింటి పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారో చూసి రావడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నారు. పట్టుబడితే నా ఉద్యోగం పోతుంది. పోతే పోయింది. చదువు మధ్యలో టాన్సీని బయటికి పంపేస్తే అది జన్మలో మళ్ళీ పుస్తకం ముట్టదు." అదే ఊపులో అడిగేసింది. "మనం మారిపోదామండీ. మీరు ఇటు రండి, మేము అటు వస్తాం."

స్టాల్ లేచి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

రోవీనా మర్నాడు మళ్ళీ తట్టింది.

"నలభై ఒక్క ఏళ్ళయింది ఈ సగంలో ఉండబట్టి" అన్నాడాయన గుమ్మంలోంచే. "కుర్చీ ఎక్కడుందో నా కాళ్ళకి తెలుసు. ఈ వయసులో కొత్త గోడలకి మొహం గుద్దుకోమంటావా? మీరు తప్పు చేసి నన్ను కదలమంటారేం?"

"తప్పు నాదే. అందుకే నేనే అడుగుతున్నా."

"అడిగావు. కాదన్నాను."

మూడోరోజు ఆమె ఊరికే రాలేదు. కొలత టేపుతో తన సగమంతా కొలిచి, బొమ్మ గీసి తెచ్చి, ఆయన బల్ల మీద పరిచింది. రెండు సగాలూ ఒకే కొలత, కాకపోతే ఎడమా కుడీ తారుమారు. తేడా ఒక్కటే, దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టింది.

"మీ బాత్‌రూము మేడ మీదుంది. పదమూడు మెట్లు. ఏడో మెట్టు దగ్గర ఆగుతారు మీరు, రెయిలింగు పట్టుకుని. మొన్న మంగళవారం చాలాసేపు ఆగారు. గోడకి ఇటు నాకు వినబడుతుంది."

స్టాల్ మొహం కందిపోయింది. "నా మెట్లు లెక్కపెట్టమని నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. మా వైపు కింద బాత్‌రూముంది. అది మీది. రెండు బాత్‌రూముల ఇంటికని ఒప్పుకున్న అద్దే ఇస్తాను. ఒక్క డాలర్ తగ్గించమనను."

"ఎనిమిదిమందికి ఒక్క బాత్‌రూమా? మతుండే మాట్లాడుతున్నావా? ఆరుగుర్లో ఆడపిల్లలెంతమంది?"

"నలుగురు."

"మీ ఆయనకి చెప్పావా?"

"ఇవాళ చెప్తా."

ఆయన బొమ్మని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. మెట్ల సంగతి తన కూతురికి కూడా తెలియకుండా దాచుకున్నాడు. తెలిస్తే ముసలివాళ్ళ హోమ్‌లో చేర్పించేస్తుందని భయం. రోవీనాకి ఆ భయం సంగతి తెలియదు. చివరికి వేలు పెట్టి బొమ్మ మీద ఒకచోట నొక్కాడు. "నా కుర్చీ ఇక్కడుండాలి. రేడియో దాని పక్కన. పొద్దున మొదలుపెడితే చీకటి పడేలోగా ప్రతి చెంచా దాని చోట్లో ఉండాలి. పెట్టెల మధ్య పడుకోవడం నావల్ల కాదు."

"ఉంటుంది."

లైల్ ఆ మాట విన్నప్పుడు మొహం నిండా సబ్బు నురగతో ఉన్నాడు. అద్దంలోంచి భార్యని చూశాడు. "రేపట్నుంచి గడ్డం గోడౌన్లో గీసుకుంటాలే" అన్నాడు.

వేసవిలో బస్సు డ్రైవర్లకి పని ఉండదు. శనివారం పొద్దున్నే రోవీనా తోటి డ్రైవర్లు పదకొండుమంది దిగారు, ఎవరి గ్లౌజులు వాళ్ళే తెచ్చుకుని. ముందు ప్రూయిట్ల సామాను గడ్డి మీదకొచ్చింది, తర్వాత స్టాల్ సామాను గోడ దాటింది, ఆ తర్వాత వీళ్ళది లోపలికెళ్ళింది. స్టాల్ వరండాలో మడత కుర్చీ వేసుక్కూర్చుని అజమాయిషీ చేశాడు. "అది గాజు బీరువా, బస్సు కాదు, అలా తిప్పకు" అని ఒకణ్ణి, "నువ్వెవరి పిల్లవే, అలా ఒక్కో చెంచా మోస్తే దీపావళి దాకా మోస్తావు" అని... ఆ ముసలాయనకి దీపావళేం తెలుసు, ఆయనన్నది క్రిస్మస్సే, నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది. అన్నది టాన్సీని. అది వినిపించుకోకుండా ఒక్కో చెంచానే మోసింది. సాయంత్రం ఆరింటికి స్టాల్ కొత్త సగంలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, చూడకుండానే చెయ్యి చాపాడు. చేతికి రేడియో తగల్లేదు. అటువైపు చాపాల్సిన చెయ్యి ఇటు చాపాడు. ఆయన రెండో చెయ్యి చాపి రేడియో పెట్టుకున్నాడు.

పది రోజుల తర్వాత డిస్ట్రిక్ట్ మనిషి వచ్చాడు. మూడు పడగ్గదులూ తిరిగాడు, మంచాలు లెక్కపెట్టాడు, ఎవరిదెక్కడని అడిగాడు. వెళ్తూ వెళ్తూ వరండాలో స్టాల్ దగ్గర ఆగాడు. "అద్దెకున్నవాళ్ళ కోసం సొంత ఇల్లు ఖాళీ చేశారట. మీకేమైనా ముట్టిందా?"

"ముట్టింది. బాత్‌రూము" అన్నాడు స్టాల్. ఆ మనిషి అదే రాసుకుని సంతకం పెట్టాడు.

బడి తెరిచే ముందురోజు రోవీనా బాత్‌రూము తలుపు మీద కాగితం అంటించింది. ఆమెకి తెలిసిన పద్ధతి ఒక్కటే, రూట్ షీటు. నాలుగూ నలభైకి రోవీనా, నాలుగూ యాభైకి లైల్, అక్కణ్ణించి మనిషికి ఏడు నిమిషాలు, ఆలస్యమైతే తర్వాతివాళ్ళు తలుపు కొట్టొచ్చు. పెద్దమ్మాయి అది చదివి, "ఏడు నిమిషాల్లో నా జుట్టు ఒక పక్క కూడా అవదమ్మా" అంది.

"రెండో పక్క బస్సులో దువ్వుకో."

మర్నాడు ఏడూ పన్నెండుకి బస్సు ఆఖరి స్టాపుకి వచ్చేసరికి నలుగురూ గడ్డి అంచున వరసగా నిలబడి ఉన్నారు. ఒకరి జుట్టు తడి, ఒకరి చొక్కా తిరగేసి ఉంది. రోవీనా తలుపు తీసింది. ఇన్నేళ్ళలో తన పిల్లలు మొదటిరోజు బడికి వెళ్ళడం ఆమె లైల్ ఫోన్లో ఫోటోలు చూసి తెలుసుకోవడమే. ఆ టైముకి ఎప్పుడూ ఎవరో ఒకరి పిల్లల్ని ఎక్కించుకుంటూ ఉండేది. బస్సులో నలభైమంది ఉన్నారు గనక, అందరితో అన్నట్టే "గుడ్ మార్నింగ్, కూర్చోండి" అంది.

బడి ముందు బస్సాగింది. అందరూ దిగాక టాన్సీ ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. సంచీ పట్టీ రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మా, హేవర్‌క్యాంప్ టీచర్ నన్ను చదవమంటుందా?"

"అంటుంది."

"బొమ్మలుంటాయా అందులో?"

"ఉండకపోవచ్చు."

"మరి నాకు రాదని చెప్పెయ్యనా?"

మూడేళ్ళుగా ఆ పిల్ల ఆ మాట ఎవరితోనూ అనలేదు. రోవీనా సీట్లోంచి లేవకూడదు, రూలు. బెల్టు సాగినంత మేర ముందుకి వంగింది.

"చెప్పెయ్యి తల్లీ. వెళ్ళగానే ముందు ఆ మాటే చెప్పు."

టాన్సీ తలూపి కిందికి దిగింది. తలుపు దగ్గర పిల్లల్ని లోపలికి పంపిస్తున్నావిడ పక్కనించి పోబోయి, ఆగి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. ఆవిడ ఎడమవైపు వరండా చూపించింది. వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. తొమ్మిదేళ్ళలో ఎవరిచేతా హారన్ కొట్టించుకోని రోవీనా, కూతురు ఆ వరండా చివర గదిలోకి వెళ్ళేదాకా బస్సు కదపలేదు.