నాయనమ్మ బొంత, నా బ్యాటు

మొన్న మోకాళ్ళ నొప్పికని వెళితే, నా మనవరాలి వయసున్న ఫిజియోథెరపీ అమ్మాయి కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడమంది. పెట్టాననే అనుకున్నాను, కిందికి చూసుకుంటే రెండు పాదాలూ బుద్ధిగా ఒకదాన్నొకటి అంటుకునే ఉన్నాయి. మా నాయనమ్మ పోయి నలభై ఏళ్ళయినా నా కాళ్ళు ఇంకా ఆవిడ మాట జవదాటలేదు.

ఆడపిల్ల కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడితే ఇంట్లో ఎంత రాద్ధాంతమయ్యేదో మన తరం ఆడవాళ్ళకు వేరే చెప్పాలా! డెబ్బైలలో, తెనాలిలో నేను పదో తరగతి చదువుతుండగా, అప్పుడప్పుడే మా వైపు వచ్చిన సాఫ్ట్‌బాల్ ఆటను మా డ్రిల్లు టీచరమ్మ పట్టుకొచ్చి, రోకలిలా గుండ్రంగా ఉన్న బ్యాటు మా చేతికిచ్చి, శనివారంలోగా బంతిని గట్టిగా కొట్టగలిగినవాళ్ళనే బాపట్ల పోటీకి తీసుకెళతానన్నారు. ఇంట్లోవాళ్ళెవరూ లేకుండా రైలెక్కడమంటే మాటలా, ఎలాగైనా వెళ్ళి తీరాలనుకున్నాను. కానీ ఓణీ చెంగు బొడ్లో దోపి ఎంత విసిరినా బంతి నా వెనక్కే పోయేది, పొరపాటున తగిలినా కాళ్ళ దగ్గరే చతికిలబడేది. కాళ్ళు విడదీయమని టీచరమ్మ అరిచేవారు. విడదీసినట్టే విడదీసి, బంతి వచ్చే వేళకు మళ్ళీ దగ్గరికి చేర్చేసేదాన్ని.

ఆ గురువారం పొద్దున నాయనమ్మతో బొంతలు ఉతకడానికి కాలవకు వెళ్ళాను. ఆవిడ కుచ్చిళ్ళు ఎగదోపి, కాళ్ళు బాగా ఎడంగా పెట్టి, తడిసి మణుగు బరువైన బొంతను భుజం మీదికి లేపింది. బరువంతా వెనక కాలి మీద. ముందు కాలు ఆనించగానే నడుము తిరిగింది, దాని వెంట భుజం, అన్నిటికన్నా ఆఖరున చేతులు. బండ మీద పడ్డ దెబ్బ అవతలి గట్టుకు వినిపించింది. టీచరమ్మ వారం రోజులుగా గొంతు చించుకుంటున్నది దీని గురించే. పనికి అడ్డురాని పరువు ఆటకే ఎందుకు అడ్డొస్తుందని నాకు ఒళ్ళు మండింది కూడా. ఆ మాట అనే ధైర్యం లేక, నేను ఉతుకుతానని బొంత అందుకున్నాను. నాలుగు దెబ్బలకే రొప్పుతుంటే ఆవిడ నవ్వి, "చేతుల్తో బాదుతావేంటే పిచ్చిమొహమా! నడుం తిప్పు, చేతులు వాటంతటవే వస్తాయి" అంది. ఆ బొంత కుట్లు ఊడేదాకా ఉతికాను.

శనివారం నేను కొట్టిన బంతి బడి గోడ దాటింది. బాపట్లలోనూ బాగానే కొట్టాను. ఆట ఓడిపోయాం, అది వేరే సంగతి. అసలు గండం ఇంట్లో కాచుకుని ఉంది. పని మీద బాపట్ల వచ్చి ఆట చూసిన మా రేపల్లె మేనత్త భర్త, మర్నాడే పనిగట్టుకుని తెనాలి దిగి, పిల్ల పదిమందిలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిందని నాయనమ్మ చెవిన వేశాడు. తలుపు చాటున నేను చెవి ఒగ్గి నిలబడ్డాను. ఆవిడ వక్క నములుతూనే, "నిలబడితే నిలబడిందిలే అల్లుడూ, నడుం తిప్పిందా లేదా?" అనడిగింది.

అలాగని ఇంట్లో కాళ్ళు దగ్గర పెట్టుకోమనడం మాత్రం ఆవిడ మానలేదు. ఇప్పుడు దుప్పట్లు మిషనే ఉతుకుతోంది, ఆడపిల్లలు తమకు నచ్చినట్టు నిలబడుతున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. ఆ ఫిజియోథెరపీ అమ్మాయి చివరికి తనే వంగి నా పాదాలను ఎడంగా జరిపింది. నడుం తిప్పుదామంటే ఇప్పుడు అది తిరగదు. తిప్పానా లేదా అని అడిగే మనిషీ లేదు.