అక్క చేతుల కోసం మేడ్చల్ దాకా

మా అండాలక్కకు పుట్టినప్పటి నుంచి చెవులు వినపడవు, మాట రాదు. అయినా మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఆమే. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి బతికిన ఇల్లు మాది. అక్కకు పాఠం చెప్పే బడి ఆ రోజుల్లో దగ్గరలో లేదు. అందుకని అమ్మా, అక్కా, నేనూ కలిసి ఎవరినీ అడగకుండా చేతులతోనే ఒక భాష కట్టుకున్నాం. పొయ్యి దగ్గర, వల ఆరేసిన చోట, చెరువు కట్ట మీద, ఎక్కడ పడితే అక్కడ అదే మా ముచ్చట. రెండేళ్ల కింద అమ్మ పోయింది. నేనేమో పెళ్లయినప్పటి నుంచి కుత్బుల్లాపూర్‌లోనే ఉంటున్నాను. అక్క తమ్ముడి ఇంట్లో ఉంది. ప్లాట్లు అమ్మే మా తమ్ముడు ఆ చేతుల భాష ఏనాడో మరిచాడు, పొద్దున పోతే రాత్రికి గానీ ఇంటికి రాడు. మరదలు సుజాత మంచి పిల్ల. అక్కకు వేళకు అన్నం పెడుతుంది, బీపీ గోలీ ఇస్తుంది. కానీ ఆమె కాపురానికి వచ్చినప్పుడు అమ్మ ఉంది కాబట్టి, చెప్పాల్సిందేదో అమ్మకు చెప్పేది, అమ్మ అక్కకు చెప్పేది. నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు. అమ్మ పోయాక నేను ఎప్పుడు వెళ్లినా అక్క చేతులు ఒళ్లోనే ఉంటున్నాయి. నాతో కూడా రెండు మాటలు చెప్పి మళ్లీ ఒళ్లో పెట్టేసుకుంటోంది. చూస్తుంటే నాకు భయమేసింది.

వినపడనివాళ్లకూ, వాళ్ల ఇంటివాళ్లకూ కలిపి సైగల భాష నేర్పే తరగతి మేడ్చల్‌లో ఆదివారాలు జరుగుతోందని మా కాలనీలో ఒకామె చెప్పింది. ఉచితమే, పేరు ముందుగా చెబితే చాలట. సుజాతకు ఫోన్ చేస్తే ముందు నసిగింది. "నాకు రాదు వదినె, పెద్దొదినె ముంగట నవ్వులపాలైత," అంది. "నవ్వితే మంచిదే గదనే, రెండేండ్లాయె ఆమె నవ్వక," అన్నాను. ఆ మాటతో ఒప్పుకుంది. ఆ రోజు నాకు కావలసింది ఒక్కటే. సుజాతా అక్కా ఇద్దరూ, మధ్యలో నేను లేకుండా మాట్లాడుకోవాలి.

ఆదివారం ఉదయం ఆరున్నరకు ఇల్లు వదిలాను. సుచిత్ర చౌరస్తా నుంచి షేర్ ఆటోలో అల్వాల్ చేరి, అక్కడ సికింద్రాబాద్ నుంచి వచ్చే శామీర్‌పేట బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, కాబట్టి కార్డు మరవకండి. పొద్దున పూట కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, తొమ్మిది దాటితే నిలబడాల్సిందే. హకీంపేటలో విమానాలు దిగే చోటి దగ్గరికి రాగానే నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. మా భాషలో హకీంపేట అంటే అరచెయ్యి చాచి తల మీదుగా రయ్యిన పోనివ్వడం. విమానాల చప్పుడు అక్కకు వినపడకపోయినా, మా కంటే ముందు ఆమే వాటిని చూసేది. పక్క సీటు ఆమె నేను ఎవరికో టాటా చెబుతున్నాననుకుని కిటికీలోంచి తొంగి చూసింది. నవ్వొచ్చింది, వెంటనే దిగులూ వేసింది. ఈ మాట తెలిసినవాళ్లం ఇప్పుడు ప్రపంచంలో ఇద్దరమే మిగిలాం.

ఇంటికి వెళ్లేసరికి సుజాత ఉప్మా చేసి, డబ్బాల్లో పులిహోర సర్ది, పెళ్లికి పోతున్నట్టు పట్టుచీర కట్టుకుని ఉంది. అక్క గడప మీద కూర్చుంది. నన్ను చూసి గడ్డం కింద వేలితో గీత గీసింది. అది నా పేరు. చిన్నప్పుడు చెరువు కట్ట మీంచి జారి పడితే గడ్డం చీలింది, ఆ మచ్చే నాకు పేరైంది. ఎక్కడికి పోతున్నామో చెప్పాను. సరేనన్నట్టు తల ఊపింది, అంతే. ఇదివరకైతే ఎవరుంటారు, ఎందుకు, ఎంతసేపు అని నా ప్రాణం తీసేది.

శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు బస్సులు తక్కువ, ఆటో మాట్లాడుకోవడం మేలు. డ్రైవర్ మూడు వందలు చెప్పాడు, రెండు వందల యాభైకి దిగాడు. ఊరు దాటగానే అద్దంలో అక్కను చూసి, "గా అమ్మ ఏం మాట్లాడ్తలేదేంది?" అని అడిగాడు.

"ఆమెకు వినపడది అన్నా," అంది సుజాత.

"అయ్యో. యాడికి తోల్కపోతున్రు మరి, దవఖానకా?"

"కాదు, సైగల క్లాసుకు," అన్నాను.

"గీ వయసులనా?"

నాకు చిర్రెత్తింది. "నీకు అరవై ఏండ్లొచ్చినంక నువ్వు మాట్లాడుడు బంద్ జేస్తవా?"

ఆయన పెద్దగా నవ్వాడు. "నేనా? మా ఇంటామె నోరు ముయ్యమన్నా ముయ్యనమ్మా. మంచిగ తోల్కపోండ్రి," అన్నాడు.

ఆ దారి ఒకప్పుడు పందిళ్ల దారి. ఎటు చూసినా ద్రాక్ష తోటలే. ఎండాకాలం అమ్మ మా ముగ్గురినీ తీసుకుని కోతకు కూలికి వచ్చేది. కోసేటప్పుడు ఒక్కటి కూడా నోట్లో వేసుకోవద్దని మేస్త్రీ హుకుం, వేసుకోకుండా ఉండటం మా వల్ల అయ్యేది కాదు. అందుకే మా భాషలో మేడ్చల్ అంటే రెండు వేళ్లతో పండు తుంచి, చుట్టూ చూసి, గబుక్కున నోట్లో వేసుకోవడం. ఇప్పుడు తోటల జాడ లేదు. గేట్లు, గోడలు, లేఅవుట్ బోర్డులు, వాటి మీద నవ్వుతున్న కుటుంబాల బొమ్మలు. ఒక బోర్డు మీద మా తమ్ముడి ఫోటో కూడా కనిపించింది. అక్క దాన్ని చూసింది, చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఈ దారి పొడుగునా ఇదివరకు చేతులు తిప్పుతూనే ఉండేది.

పది గంటలకు మొదలయ్యే తరగతికి పావుగంట ముందే చేరాం. బస్టాండుకు నడక దూరంలో, ఒక సందులో, కింది అంతస్తులోనే హాలు. మెట్ల పక్కన చక్రాల కుర్చీకి ఏటవాలు దారి కట్టారు. లోపల పది పన్నెండు కుటుంబాలున్నాయి. నేర్పేది ఫర్హానా అనే ఆమె, ముప్పై ఏళ్లుంటాయి, ఆమెకూ వినపడదు. ఆమె చేతుల మాటను మనకు నోటితో చెప్పడానికి పక్కనే ఒక మేడం ఉంది. కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు, అందరి చేతులూ అందరికీ కనపడాలని.

మొదటి పాఠం తేలికే. నోరు తెరవకుండా, పొద్దున ఏం తిన్నారో చెప్పాలి. ఫర్హానా అక్క ముందుకు వచ్చి చేతులతో అడిగింది. అక్క కళ్లెత్తేలోపే "ఉప్మా తిన్నం" అని నేను అనేశాను, చేతులతో కూడా. ఫర్హానా నవ్వి, మళ్లీ అక్కనే అడిగింది, ఏ ఊరు అని. మళ్లీ నేనే చెప్పాను. మూడోసారి కూడా నా చెయ్యి లేవగానే ఆమె వచ్చి, నన్ను లేపి, నా కుర్చీ మోసుకెళ్లి గోడ దగ్గర, మంచినీళ్ల క్యాను పక్కన వేసింది.

"ఇయ్యాల మీకు ట్రైనింగ్ ఏందంటే, గీడ కూసునుడే అంటాంది," అని మేడం నాకు వివరించింది.

నేను పంతులమ్మగా రిటైరైనదాన్ని. ఎంతమందిని బెంచీ ఎక్కించానో లెక్కలేదు. నన్ను నీళ్ల క్యాను పక్కన కూర్చోబెట్టింది! రోషం ముంచుకొచ్చింది. కానీ చుట్టూ చూస్తే ఆ గోడ పొడుగునా నాలాంటివాళ్లు ఇంకో నలుగురున్నారు. ఒక తల్లి, ఒక భర్త, ఇద్దరు అక్కలు. ప్రతి ఇంట్లో ఒకరుంటాం గదా, బాగా తెలిసినవాళ్లం. మాకు మేమే నవ్వుకున్నాం.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటున్నప్పుడు పనికొచ్చే సంగతులు తెలిశాయి. వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ లేనివాళ్లకు క్యాంపు ఎప్పుడో, దివ్యాంగుల కార్డుకు ఎక్కడ రాయించుకోవాలో ఒకాయన ఓపిగ్గా చెప్పాడు. బ్యాంకుకో ఆసుపత్రికో పోయినప్పుడు వీడియో కాల్‌లో సైగలు చెప్పేవాళ్లు కూడా ఉంటారట. అక్క పులిహోర తింటూ అందరి చేతులూ చూస్తోంది. ఆమె కళ్లు చాలాకాలానికి అటూ ఇటూ పరుగెత్తడం చూశాను. చేతులు మాత్రం ఇంకా కదల్లేదు.

తిన్న తరువాత పేర్ల పాఠం. వినపడనివాళ్లలో ఒక ఆచారం ఉంది. ప్రతి మనిషికీ చేతితో చెప్పే పేరు ఒకటి ఉంటుంది. వినపడేవాళ్లు దాన్ని తమంతట తాము పెట్టుకోకూడదు, వినపడనివాళ్లే చూసి, తెలుసుకుని పెట్టాలి. ఒక కొత్త పెళ్లికూతురు మొగుడి పొట్టను సున్నా చుట్టి చూపించింది, హాలంతా నవ్వు. అక్క వంతు వచ్చింది. మీ ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పమని ఫర్హానా అడిగింది. అక్క చేతులు మెల్లగా ఒళ్లోంచి లేచాయి. భుజం మీద తడి వల బరువు మోసినట్టు వంగింది, అది మా నాయిన. ముంజేతి మీద పచ్చబొట్టు ఉండే చోట నిమిరింది, అది అమ్మ. నిమురుతూ కాసేపు అక్కడే ఉండిపోయింది. గడ్డం కింద గీత, నేను. బొటనవేలు నోట్లో పెట్టుకుంది, అది బోర్డు మీద ఫోటోలున్న మా తమ్ముడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఇల్లంతా ఆ హాలులోకి వచ్చి కూర్చున్నట్టే ఉంది.

అప్పుడు ఫర్హానా సుజాతను చూపించి, ఈమె ఎవరని అడిగింది. అక్క చేతులు మళ్లీ ఒళ్లోకి పోయాయి.

సుజాత ముఖం చిన్నబోయింది. "నాకు లేదు మేడం," అంది మెల్లగా. "నేనొచ్చి ఇన్నేండ్లాయె. అందరికీ పేర్లున్నయి, నన్నైతే ఏలువెట్టి సూపుడే. పోనీయండ్రి."

నేను సగం లేచాను. లేచి, అక్కను కదిలించి, ఏదో ఒక పేరు పెట్టించాలని ఒళ్లంతా ఉరికింది. మేడం నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. కూర్చున్నాను. ఆ రోజు నేను చేసిన కష్టమంతా అదే.

అక్క సుజాత వైపు చాలాసేపు చూసింది. తరువాత కాలు కొంచెం ఎత్తి, మడమతో నేల మీద రెండుసార్లు తట్టింది. అవే రెండు దెబ్బలు పిడికిలితో తన గుండె మీద వేసుకుంది. వేసుకుని సుజాతను చూపించింది. నాకు అర్థం కాలేదు. మా భాషలో నాకు తెలియని మాట ఒకటి ఉందని అప్పుడే తెలిసింది.

సుజాత మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది నేనే వదినె," అంది నా వైపు తిరిగి. "ఆమె గదిలకు ఎనక నుంచి పోతె ఉలికిపడ్తది. అందుకే పోయే ముందుగాల నేల మీద రెండుసార్లు కాలుతోని తడ్త. ఆమెకు కింద అదురు తెలుస్తది, నేనొస్తున్ననని ఎరుకైతది. ఎవ్వరు చెప్పలే, నేనే చేసుకుంట వచ్చిన."

అక్క ఇంకా ఆపలేదు. ముంజేతి మీద నిమిరింది, తనను చూపించుకుంది, మళ్లీ గుండె మీద రెండు దెబ్బలు. ఇది నాకు అర్థమైంది. గోడ దగ్గర నుంచే చెప్పాను, ఇక నా వల్ల కాలేదు. "అమ్మ, నేను ఇద్దరం నిన్ను ఎప్పుడూ గిట్లనే పిలుసుకుంటుంటిమి అంటాందే."

సుజాతకు మొదటి నుంచీ పేరు ఉంది. ఆ పేరు పలకడానికి అక్కకు అమ్మ ఒక్కతే ఉండేది, అమ్మ పోయాక పలకడానికి మనిషి లేదు. సుజాత లేచి వెళ్లి అక్క ముందు నిలబడి, తన గుండె మీద రెండుసార్లు తట్టుకుని, నేనేనా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. అక్క నవ్వింది. నవ్వి, ఇక ఏకధాటిగా మొదలుపెట్టింది. సుజాతకు సగం కూడా తెలియకపోయినా తల ఊపుతూ, తనూ చేతులు తిప్పుతూ, తప్పు పోతే అక్క చేత దెబ్బ తింటూ కూర్చుంది.

మూడున్నరకు తరగతి అయిపోయింది. మేడ్చల్ నుంచి కొంపల్లి, సుచిత్ర మీదుగా నాకు నేరుగా బస్సుంది కాబట్టి వాళ్లిద్దరినీ శామీర్‌పేట ఆటో ఎక్కించాను. బేరం సుజాతే చేసింది. ఆటో కదిలేటప్పుడు అక్క నాకు చెయ్యి ఊపుతుందని చూశాను. ఆమె సుజాతకు ద్రాక్షపండు తుంచి, చుట్టూ చూసి, నోట్లో వేసుకోవడం ఎలాగో చూపిస్తోంది. నన్ను చూడలేదు.

తోటలు పోయాయి, పందిళ్ల కింది చల్లదనం పోయింది, అమ్మ పోయింది. వాటిని తలుచుకుని బాధపడటం నాకు బాగా అలవాటు. మా చేతుల భాష కూడా ఆ లెక్కలోకే పోతుందని, నాతోనే ఆగిపోతుందని ఇన్నాళ్లూ కొంచెం గర్వంగానే ఏడ్చుకున్నాను. ఇప్పుడు ద్రాక్ష తోటను కంటితో చూడని మా మరదలికి కూడా మేడ్చల్ అంటే దొంగతనంగా తిన్న పండే. తరగతికి వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగిన చిట్కా ఒకటే. ఆధార్ కార్డు, అన్నం డబ్బా ఎలాగూ తీసుకుపోతారు. మీ ఇంట్లో ఆ భాష అందరికంటే బాగా వచ్చిన మనిషి ఎవరో, వాళ్లను తిరుగు ప్రయాణంలో వేరే బస్సు ఎక్కించండి. కిటికీ పక్క సీటు చూసుకోమని చెప్పండి, కొంపల్లి దాకా ఎవరూ చూడకుండా ఏడవచ్చు.