మా నీళ్ళ సారు

మొన్న పొద్దున క్లాసుకు బయలుదేరుతుంటే సారు అల్లుడు మా ఇంటి గుమ్మంలో కనిపించాడు. నకిరేకల్ నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. "మామ పోయిండు మేడం. రాత్రి నిద్రల్నే పాణం పోయింది" అన్నాడు. పాఠం మాట మరిచిపోయి అతని వెంటే వెళ్ళాను. బస్సులో పక్కావిడ చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాను. మెడికల్ కాలేజీలో మందుల శాస్త్రం, అంటే ఫార్మకాలజీ, నాకు నేర్పింది ఆయనే. ఆ శాఖలో చిన్న ఉద్యోగంలో చేరాక నన్ను తిట్టిందీ ఆయనే. ఆ తిట్లు ఇక ఉండవంటే తట్టుకోలేకపోయాను.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. సారుది నల్లగొండ జిల్లాలో నకిరేకల్ పక్క పల్లె. ఆ వైపు ఎంతోమందికి ఉన్నట్టే ఆయన పళ్ళ మీద గోధుమరంగు గారలుండేవి. నవ్వినా, మాట్లాడినా జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఉర్దూలో డాక్టరీ చదివిన తరం కావడంతో ఇంగ్లీషులో పాఠం చెబుతూ మాట దొరక్క మధ్యలో ఆగిపోయేవారు. అసలే తడబడే ఇంగ్లీషు, దానికి తోడు రుమాలు. ముందు బెంచీల వాళ్ళే పాసవుతారని మేం వేళాకోళం చేసేవాళ్ళం. అది ఆయన చెవిన పడింది. "ఎనకోళ్ళు గూడ డాక్టర్లయితరు, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నారు.

పదేళ్ళ కిందట మా శాఖాధిపతి రిటైరయ్యారు. కొత్తవారు వచ్చేదాకా పనంతా సారే చూసుకున్నారు. అయినా ఆ కుర్చీలో కూర్చునేవారు కాదు, పక్కన స్టూలు వేసుకుని సంతకాలు పెట్టేవారు. విశ్వవిద్యాలయం కొత్త అధిపతి కోసం ప్రకటన ఇచ్చింది. ఆ పదవి సారుకు కావాలి. ఎందుకో నాకు తెలుసు. వాళ్ళ వైపు గారపళ్ళకూ, వయసు మీద పడకముందే వంగిపోయే నడుములకూ నీళ్ళలోని ఫ్లోరైడే కారణం. ఏ బావిలో అది ఎంతుందో పరీక్షించి, తాగదగిన బావి ఏదో జనానికి చెప్పాలని ఆయన కోరిక. పాత అధిపతిని అడిగితే "మనం చూడాల్సింది మందులు, నీళ్ళు కాదు" అనేశారు. వచ్చేవాళ్ళు కూడా అదే మాటంటే సారు ఇక చేయగలిగింది ఏమీ లేదు.

పదవికి ముగ్గురు పోటీ పడ్డారు. ఎంపిక కమిటీ వెనక బెంచీలో కూర్చుంటుంది, ఒక్కొక్కరూ విద్యార్థులకు పాఠం చెప్పాలి. మొదటాయన విదేశంలో చదివొచ్చారు. మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే, దానికి ఆనించిన సన్నటి పుల్లకు కప్ప గుండెను దారంతో కట్టి, గుండె కొట్టుకున్నప్పుడల్లా మసి మీద తెల్లటి గీతలు పడేట్టు చేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ కాగితానికి కిరసనాయిలు దీపం మీద మసి పట్టించింది నేను, చప్పట్లు ఆయనకు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండో ఆయన కూడా బాగానే చెప్పారు, నా ఖర్మ.

మర్నాడు సారు వంతు. వరండాలో ఆపి, "సార్, ఆ రుమాలు నాకివ్వండి" అన్నాను.

"పండ్లు జూస్తే నౌకరి ఇస్తరా బిడ్డా?"

"అడ్డం పెట్టుకుంటే మాట వినపడదు సార్."

ఆయన ఇవ్వలేదు. లోపలికి వెళ్ళారు. విషానికీ మందుకూ మోతాదులోనే తేడా అని మొదలుపెట్టారు. రెండుసార్లు ఆగారు. కమిటీ పెద్దాయన చెవికి చెయ్యి ఆనించి "కొంచెం గట్టిగా" అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. సారు నిలబడిపోయారు. అంతా అయిపోయిందని నేను తల దించుకున్నాను.

తల ఎత్తేసరికి రుమాలు మడతపెట్టి బల్ల మీద పెడుతున్నారు. ఇంగ్లీషూ అక్కడే వదిలేశారు.

"నా పండ్లు జూడుండ్రి" అంటూ బెంచీల మధ్యకు వచ్చారు. "గివి పొగాకు గారలు గావు, మా బాయి నీళ్ళ గారలు. గా నీళ్ళు తేటగుంటయి, తియ్యగుంటయి. జరంత ఫ్లోరైడుంటే పండ్లకు మంచిదే. మా బాయిల జరంత లేదు, శానుంది. మా అమ్మ నడుం వంగి నేల దిక్కే సూసుకుంట నడుస్తాంది. మొగులు సూడాలంటే మంచంల పండాలె."

కమిటీ పెద్దాయన అడిగారు. "దీనికి మందుందా?"

"లేదు సార్."

"మరి మందుల శాఖకు దీంతో పనేమిటి?"

"మందు లేదని ఎరుకున్నోడు నోర్మూసుకుంటే, లేని మందును ఎవడో ఒకడు అమ్ముతడు సార్. మా దిక్కు నడుం నొప్పి గోలీలు సంతల అమ్ముతాండ్రు. మంచి బాయి ఏదో జెప్తే గా గోలీలతోని పనే లేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పదవి పోయిందనే అనుకున్నాను. వారం తర్వాత ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి చెప్పారు, పదవి సారుకే ఇచ్చారని. ఆ ప్రశ్న వేసిన పెద్దాయనే పట్టుబట్టారట. సారు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని, "స్టూలే నయముండె" అని నవ్వారు. చెయ్యి నోటికి అడ్డం వెళ్ళలేదు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆ రోజు నుంచి మా శాఖకు ఒక ఆచారం వచ్చింది. సెలవులకు ఊరెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు తాము తాగే బావి నీళ్ళు ఒక సీసాలో తేవాలి. గాజు గొట్టంలో పోసిన ఆ నీళ్ళలో ఎర్రటి మందు కలిపి పెడితే, ఫ్లోరైడు ఎంత ఎక్కువుంటే అంత పసుపుకు తిరుగుతుంది. నూనె సీసాలో తెచ్చినవాడికి తిట్లు. రుమాలు ఇప్పుడు సీసాలు తుడవడానికి. పిల్లలు ఆయన్ని నీళ్ళ సారు అన్నారు. నేను మా ఊరు కల్వకుర్తి నుంచి సకినాలు తెచ్చాను.

"నీళ్ళేవి?"

"మీ నల్లగొండ రోగం మాకు లేదు సార్."

"తెచ్చినంక జెప్పు. తేటగున్నయని మురువకు."

తెచ్చాను. గొట్టంలో ఎరుపు నా కళ్ళ ముందే పసుపైంది. మావాళ్ళు బావి మార్చారు. ఈరోజు మా అక్క పిల్లలు నవ్వితే పళ్ళు తెల్లగా కనిపిస్తాయి. ఆయన రుణం నేను ఎలా తీర్చుకోగలను?

రిటైరయ్యాక సారు ఊళ్ళోనే అరుగు మీద గొట్టాలు పెట్టుకుని కూర్చునేవారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సీసాలు తెచ్చేవారు. మొన్న దహనం అయ్యాక ఆ అరుగు మీదే కూర్చున్నాను. ఎండలో నడిచి ఒకామె వచ్చింది. చేతిలో నీళ్ళ సీసా, దాని మూతికి బట్ట చుట్టి ఉంది. ఆమెకు కబురు తెలియదు. చెప్పాం. అక్కడే కూలబడింది.

"కొత్త బాయి తవ్విండ్రు. సారు జెప్పినంకనే తాగుదామని మావోళ్ళంత ఆగిండ్రు" అంది. సీసా రెండు చేతులా పట్టుకుని నా వైపు చూసి, "ఇగ గివి ఎవలకియ్యాలె అమ్మా?" అని అడిగింది.

నేను చెయ్యి చాపాను. తిరుగు బస్సులో ఆ సీసాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి పడుతున్న ఎండకు ఎత్తి చూస్తే, ఎంత తేటగా ఉన్నాయో ఆ నీళ్ళు.